పదకొండో గీత

నవంబరు 9. మబ్బు పట్టింది. పొద్దున్నే నమూనా చెక్కకి వార్నిష్ వేసి, ఫ్యాన్ కింద ఆరబెట్టాను. మెరుపు కోసమని మా ఆవిడతో చెప్పాను.

పిల్లల ఎత్తు గీసుకునే చెక్కలు చేస్తాం మేమిద్దరం. ఎగ్జిబిషన్ స్టాల్లో మా అమ్మాయి చెక్కనే నమూనాగా నిలబెడతాం. ఏడాదికో గీత, పక్కన వయసు.

“పదేళ్ల దగ్గరే ఆగిందేంటండీ?” అందొకావిడ.

“పదకొండోది ఇవాళ పడుతుంది. మీ పాపకెన్నేళ్లు?” అంది మా ఆవిడ.

“మొన్ననే పదకొండు నిండాయి. తాటిచెట్టులా సాగుతోంది!”

“రా తల్లీ, ఇలా నిలబడు.”

పెన్సిల్ వార్నిష్ మీద జారింది. మళ్లీ గీసింది. మళ్లీ జారింది.

“ఇవాళే వెయ్యాలా మీ మెరుపు?” అంది నాతో, నెమ్మదిగా. ఆ పాప ఎత్తుని దారంతో కొలిచి, దారాన్ని కొంగున ముడేసుకుంది.

మా అమ్మాయి ఉన్నప్పుడు నిలబడి గీయించుకున్న గీతలు ఆరే. తర్వాతి నాలుగూ ఏటా ఇక్కడికొచ్చిన ఎవరెవరి పిల్లలవో. ఈ ఏటితో ఆగుతుందనే వార్నిష్ వేశాను.

సాయంత్రం ఇంటికొచ్చాం. ఆవిడ కొంగు ముడి ఇంకా విప్పలేదు. చెక్కని గోడకి ఆనించి, గరుకు కాగితం తీసుకుని, పదో గీతకి కాస్త పైన వార్నిష్‌ని నేనే రుద్దడం మొదలుపెట్టాను.