సత్యవాణి ఆడిన అబద్ధం

"ఇవాళ కొయ్యకపోతే రేపటికి కుళ్లు మోకాలి దాకా పాకేస్తుందండి," అంది హెడ్ నర్సు సత్యవాణి.

సర్జన్ జానకిరామ్ తలెత్తలేదు. "కొయ్యనని నేనన్నానా? మత్తు డాక్టరు సరేనని రాయాలి."

"మీరొక్కసారి ఆయనతో మాట్లాడితే..."

"కాగితం పంపించాను. ఇంక మాటలెందుకు?"

ఆ కాగితం నాలుగు రోజులుగా తిరుగుతోంది. షుగరు డాక్టరు గుండె డాక్టర్ని అడగమన్నాడు. గుండె డాక్టరు తన వైపు నుంచి అభ్యంతరం లేదని రాసి కిందికి పంపాడు. చివరికది మత్తు డాక్టరు మణిశంకర్ బల్ల మీద ఆగిపోయింది. "సర్జన్ గారికి నోరు లేదా? వచ్చి అడగమనండి," అన్నాడాయన. ఒకే అంతస్తులో ఎదురెదురు గదులు. ఇద్దరికీ రెండేళ్లుగా మాటల్లేవు.

వార్డులో బుల్లబ్బాయి జ్వరంతో మూలుగుతున్నాడు. గోదాట్లో వల లాగుతుంటే జెల్ల చేప ముల్లు కాలికి గుచ్చుకుంది. అసలే షుగరు మనిషి, పాదం నల్లబడిపోయింది.

"కాలు పోతే ఈయన పడవెలా ఎక్కుతాడమ్మా?" భార్య అప్పాయమ్మ సత్యవాణి చెయ్యి పట్టుకుని వదల్లేదు.

సత్యవాణి తిన్నగా మణిశంకర్ గదికి వెళ్లింది.

"సర్జన్ గారు మిమ్మల్ని బతిమాలమన్నారండి. మత్తివ్వడానికి మీ చెయ్యయితేనే నమ్మకమట."

మణిశంకర్ కళ్లజోడు సవరించుకున్నాడు. "అలా అన్నాడా?"

అటునుంచటే ఎదురు గదికి నడిచింది. "మత్తు డాక్టరు గారు థియేటర్‌కి బయల్దేరారండి. ఇంత కష్టమైన కేసు మీరు తప్ప ఇంకెవరూ ముట్టుకోలేరన్నారు."

గంటలో బుల్లబ్బాయి ఆపరేషన్ బల్ల మీద ఉన్నాడు. రెండు వేళ్లు పోయాయి, కాలు దక్కింది.

పెద్దాసుపత్రుల్లో డాక్టర్లూ నర్సులూ కలిసి ఎలా పనిచేస్తారో చూసి రాయడానికి కాలేజీ నుంచి ఉదయ్‌భాస్కర్ అనే లెక్చరర్ వచ్చాడు. నెల రోజులుగా నోటుబుక్కుతో వార్డులోనే ఉంటున్నాడు.

"నాలుగు రోజులు కానిది గంటలో ఎలా అయిందండీ?" అడిగాడు.

సత్యవాణికి దాచాలనిపించలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. అతను నోటుబుక్కు తెరిచాడు. "ఇది రాసి తీరాలండీ. మీలాంటివాళ్ల వల్లే ఆసుపత్రులు నడుస్తున్నాయని అందరికీ తెలియాలి," అన్నాడు.

అన్నట్టే రాశాడు. ఒక్క అక్షరం పొల్లుపోకుండా రాశాడు.

రిపోర్టు సూపరింటెండెంట్ చేతికొచ్చిన మూడోనాడు సత్యవాణికి పిలుపొచ్చింది. గదిలో డాక్టర్లు జానకిరామ్, మణిశంకర్ కూర్చుని ఉన్నారు. గుమ్మం పక్కన అప్పాయమ్మ నిలబడి ఉంది. ఆమెను చూడగానే సత్యవాణికి ప్రాణం లేచొచ్చింది. నా తరఫున చెప్పడానికి ఒక్క మనిషైనా ఉంది అనుకుంది.

సూపరింటెండెంట్ కాగితం తీసి చదివాడు. "డాక్టర్లతో అబద్ధాలాడి, నా భర్త వేళ్లు తీయించేసిన నర్సు మీద చర్య తీసుకోవాలి. ఇట్లు, అప్పాయమ్మ. వేలిముద్ర."

సస్పెన్షన్ ఆర్డరు అప్పటికే టైపయి ఉంది. సత్యవాణి సంతకం పెట్టి బయటికొచ్చేసింది.

వరండాలో అప్పాయమ్మ వెనకాలే పరిగెత్తుకొచ్చింది.

"ఎందుకలా చేశావు అప్పాయమ్మా? ఆయన కాలు దక్కలేదా?"

అప్పాయమ్మ చీరకొంగు నోట్లో కుక్కుకుంది. "దక్కిందమ్మా. పుండింకా మానలేదు కదా. ఏలిముద్ర ఎయ్యకపోతే రేపట్నుంచి కట్టు కట్టేది లేదన్నారు."

"ఎవరన్నారు?"

"డాక్టర్లమ్మా. ఇద్దరూ కలిసే వచ్చి చెప్పారు."