పీటలకి మూడడుగుల దూరం

“జూమ్ అక్కర్లేదండీ,” అంది వైదేహి టీచరు.

విజయవాడ కెమెరాల షాపులో కౌంటరు వెనకాయన భవానీప్రసాద్ వంక చూశాడు, మీరైనా చెప్పండి అన్నట్టు. భవానీప్రసాద్ ఏం చెబుతాడు? బస్సులో దారి పొడుగునా చెబుతూనే వచ్చాడు.

జగ్గయ్యపేటలో ఆయన స్టూడియో పెట్టి ఇరవై ఆరేళ్ళు. చిల్లకల్లు నుంచి పెనుగంచిప్రోలు దాకా ఆయన వీడియో తీయని పెళ్ళి తక్కువ. అలాంటి మనిషి దగ్గరికి రెండు నెలల కిందట నందిగామ నుంచి ఈ టీచరు వచ్చింది. పెళ్ళిళ్ళని లైవ్‌గా చూపించే పని మొదలుపెడతానంది. ప్రతి ఆదివారం వచ్చి కెమెరా పట్టడం నేర్చుకుంది. తనే వెళ్ళి నందిగామ కేబుల్‌వాళ్ళని ఒప్పించుకొచ్చింది. మండపంలో తాళి కడుతుంటే ఊరంతా ఇంట్లో కూర్చుని అదే నిమిషాన చూస్తుందట. రెండువేల అయిదులో అది చిన్న విషయం కాదు. మొదటి పెళ్ళి ఇంకో పదిహేను రోజుల్లో.

“లైవ్ ఎందుకమ్మా, ప్రాణం మీదికి? రికార్డు చేస్తే తప్పులుంటే తీసెయ్యొచ్చు,” అన్నాడాయన ఆఖరి ప్రయత్నంగా.

“అందుకేనండీ లైవ్. తీసేసే వీలు ఎవరికీ ఉండకూడదు.”

మొండి ఘటం అనుకున్నాడు. షాపాయన ఇంకో కెమెరా తీశాడు. దీనికి వైడ్ లెన్సు ఉందనీ, కాకపోతే పీటలకి మూడడుగుల దూరంలో నిలబడి తీయాలనీ హెచ్చరించాడు.

“ఇదివ్వండి. దూరం నుంచి చూసేదాన్నయితే ఇంత దూరం వచ్చేదాన్నే కాదు.”

లైట్ల దగ్గర భవానీప్రసాద్‌కి మతి పోయినంత పనైంది. కెమెరా నెత్తిన బిగించే లైటు చాలని ఆయన పోరాడాడు. దాని వెలుగులో కెమెరా పట్టుకున్న మనిషి ఎవరికీ కనపడరు, పని హాయిగా సాగిపోతుంది. ఆవిడ మాత్రం స్టాండ్ల మీద నిలబెట్టే గొడుగు లైట్లు నాలుగు కావాలంది. కెమెరా పట్టుకున్న మనిషి కూడా అందరికీ కనపడాలట. ఇరవై ఆరేళ్ళుగా ఎవరి కంటా పడకుండా బతికిన మనిషికి ఇది కొత్త పాఠం.

మైకుల దగ్గర ఇంకో పేచీ. పురోహితుడి ఉత్తరీయానికి ఒకటి సరే. పెళ్ళికూతురి పూలదండలో ఇంకొకటి దేనికి?

“ముహూర్తం వేళ ఏ పెళ్ళికూతురు మాట్లాడిందమ్మా?” అని నవ్వాడు.

“ఆ అమ్మాయే అడిగిందండీ.”

చివరికి చెవులు మొత్తం కప్పేసే హెడ్‌ఫోన్లు ఏరుకుంది. మైకులో మాట వినపడాలి, వెనక నుంచి ఎవరేమన్నా వినపడకూడదు. ఇదొక్కటీ భవానీప్రసాద్‌కి నచ్చింది. పెళ్ళిళ్ళలో వెనక వరసలవాళ్ళ తిట్లు ఆయన తిన్నన్ని ఇంకెవరు తిన్నారు?

పెళ్ళిరోజు ఆయన తెల్లవారకముందే నందిగామ చేరాడు. వైర్లు లాగాడు, గొడుగు లైట్లు నిలబెట్టాడు, భోజనాల హాల్లో రెండు టీవీలు పెట్టించాడు. టీచరు జాడ లేదు. ఈలోపు ఉప్మా తింటున్నవాళ్ళ మాటల్లో ఒక సంగతి చెవిన పడింది. పెళ్ళికూతురి తండ్రి పోయి మూడేళ్ళట. ముహూర్తం అయ్యేదాకా తల్లి లోపలి గదిలోంచి బయటికి రాకూడదని పెదనాన్న బాలసుబ్రహ్మణ్యంగారు తేల్చేశారట. పీటల మీద బాబాయీ పిన్నీ కూర్చుంటారట. భవానీప్రసాద్‌కి మనసు చివుక్కుమంది. ఇలాంటి గదుల తలుపులు ఆయన చాలా పెళ్ళిళ్ళలో చూశాడు, ఏనాడూ నోరు మాత్రం విప్పలేదు.

ముహూర్తం ఇంకో పది నిమిషాలుందనగా వైదేహి పరుగున వచ్చి కెమెరా భుజానికెత్తుకుంది.

“ఒక టీవీ ఆ లోపలి గదిలో పెట్టిద్దామమ్మా,” అన్నాడాయన. “ఆ తల్లయినా కళ్ళారా చూసుకుంటుంది పాపం.”

“ఆ గదికి టీవీ అవసరం లేదండీ.”

అంతే. హెడ్‌ఫోన్లు పెట్టేసుకుంది. ఆడమనిషై ఉండి ఇంత కరుకుదనమా అని ఆయనకి కోపం వచ్చింది.

లైవ్ మొదలైంది. వైదేహి తిన్నగా వెళ్ళి పీటలకి మూడడుగుల దూరంలో నిలబడింది. గొడుగు లైట్లలో పెళ్ళివాళ్ళతో పాటు ఆవిడా వెలిగిపోతోంది. జనంలో గుసగుసలు. ఆడమనిషి కెమెరా మొయ్యడం వీళ్ళకి వింత కాబోలు అనుకున్నాడు భవానీప్రసాద్. ఇంతలో బాలసుబ్రహ్మణ్యంగారు లేచి, “తప్పుకో అక్కణ్ణించి, తప్పుకో,” అని పళ్ళు నూరాడు. వీడియోవాళ్ళకి ఈ మాట మామూలే. కానీ పని చేసుకునే మనిషిని పట్టుకుని ఆ ఏకవచనం ఏమిటి?

భవానీప్రసాద్ ఎదురెళ్ళాడు. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి ఒక పెళ్ళిపెద్దకి అడ్డంగా నిలబడి, “లైవ్ నడుస్తోందండీ, మీరిప్పుడు ఏం చేసినా ఊరంతా చూస్తుంది,” అన్నాడు. పెద్దమనిషి ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు.

గట్టిమేళం మోగింది. మూడు ముళ్ళూ పడ్డాయి. మేళం ఆగి, పెద్దలు అక్షింతల పళ్ళెం అందుకోబోతుంటే, పెళ్ళికూతురు చెయ్యెత్తి ఆపింది. తలెత్తి సరాసరి కెమెరాలోకి చూసింది. అలా చూడకూడదని చెప్పడం మర్చిపోయానే అని భవానీప్రసాద్ నాలిక కరుచుకున్నాడు.

పూలదండలోని మైకు పట్టుకున్న ఆ గొంతు భోజనాల హాల్లోంచి, నందిగామలో ప్రతి టీవీలోంచి ఖంగుమని వినిపించింది: “అమ్మా, ఆ కెమెరా ఒక్క నిమిషం భవానీప్రసాద్‌గారికిచ్చి, ముందు నువ్వు వెయ్యి అక్షింతలు.”