ఉక్కు తొడుగు

హాస్టల్లో చేరే రోజు అందరి పెట్టెలూ వాళ్ళ ఇంటి రోబోలే మోశాయి. మాకు రోబో లేదు. గోడౌన్‌లో ఒళ్ళంతా కప్పే ఉక్కు తొడుగు వేసుకుని బస్తాలెత్తే మా అమ్మ డ్యూటీ దిగి, అదే తొడుగుతో వచ్చి, నా పెట్టెను నాలుగో అంతస్తుకు చేర్చింది. హెల్మెట్ నల్లద్దం ఇంకా ముఖం మీదే ఉంది.

రూమ్మేట్ అభిజ్ఞ ఓసారి చూసి, "మీ రోబో బాగా పాతదా? మెట్లెక్కితే ఆయాసపడుతోంది," అంది.

"అవును, పాతదే," అన్నాను.

అద్దం ఎత్తబోయిన అమ్మ చెయ్యి మధ్యలోనే ఆగి, కిందికి దిగింది. తర్వాత నా పక్క పరిచింది. తలగడ ఉత్తరం వైపు వచ్చిందని చూసి, మంచాన్నే తిప్పేసింది.

"ఇవన్నీ దీనికెవరు నేర్పారు?" అభిజ్ఞ నవ్వింది.

"ఇంట్లో చూసి నేర్చుకుంది."

ఆ నల్లద్దంలో నా ముఖమే నాకు కనిపించింది. చూడలేక కిటికీ వైపు తిరిగాను.

పనయ్యాక అమ్మ గుమ్మం దగ్గర కాసేపు నిలబడింది. పాల ప్యాకెట్ కోసం సందు చివరికి వెళ్ళినా, 'వెళ్ళొస్తా' అనకుండా మా ఇంట్లో ఎవరూ గడప దాటరు.

రోబోలు ఆ మాట అనవు. అమ్మ కూడా అనకుండానే మెట్లు దిగింది.