మూడో పిలుపు

"అవేం సరిపోతాయి? ఇంకో నాలుగు దుంపలు ఒలువు," అంది హనోరా, పొయ్యి పక్క కుర్చీలోంచి.

"ఉన్నది నలుగురమేగా అత్తయ్యా," అంది గ్రాన్యా. తలెత్తలేదు. ఎత్తితే మొహం పట్టిచ్చేస్తుందని భయం.

"పండగ పూట బ్రిజిడ్ తల్లికి ఓ పళ్లెం పెట్టొద్దూ? మీ పుట్టింట్లో ఆవిణ్ణి పస్తు పడుకోబెడతారేమో, నాకు తెలీదు."

ఇంకోరోజైతే గ్రాన్యా ఊరుకునేది కాదు. ఇవాళ కిక్కురుమనకుండా బంగాళాదుంపలు ఒలిచింది. నిజానికి ఆమెకి కావలసిందీ అదే, ఒక పళ్లెం ఎక్కువ.

ఆ పళ్లెం డెర్వలాకి. హనోరా కన్నకూతురికి. ఆరేళ్ల క్రితం తండ్రి పోతే, డెర్వలా ఖననం అయిపోయాక వచ్చింది. తుఫానుకి పడవలు ఆపేశారని ఎంత మొత్తుకున్నా తల్లి వినలేదు. "ఇక నా నోటితో నిన్ను ఈ ఇంట్లోకి రమ్మని పిలవను," అనేసింది, ఊరందరి ముందూ. హనోరా పట్టు ఉడుంపట్టు. కూతురిదీ అదే రక్తం. పిలవని గడప తొక్కలేదు.

పోయిన వారం డెర్వలా ఫోన్ చేసింది. "వదినా, బ్రిజిడ్ పండగ సాయంత్రం ఈసారి తలుపు నేను తడతాను."

గ్రాన్యాకి ముందు అర్థం కాలేదు. తర్వాత వెలిగింది. చలికాలం చివర వచ్చే ఆ పండగకి ప్రతి ఇంట్లోనూ ఒక ఆడపిల్ల తుంగ కట్ట పట్టుకుని బయట నిలబడుతుంది. మూడుసార్లు తలుపు తడుతుంది. ఆ కాసేపూ ఆ పిల్లే ఇంటికొచ్చిన పుణ్యస్త్రీ బ్రిజిడ్. లోపలివాళ్లు మోకాళ్ల మీద కూర్చుని మూడుసార్లూ "రా తల్లీ, రా" అనాలి. ముందుగా అనవలసింది ఇంటికి పెద్ద. అంటే హనోరా, తన నోటితో.

ఎత్తు పారితే తల్లీ కూతుళ్లు ఒకటవుతారు. పారకపోతే డెర్వలా మొహం మీద రెండోసారి తలుపు పడుతుంది. ఇక ఆ పిల్ల జన్మలో రాదు.

భర్త కోలమ్‌కి చెప్పలేదు. అతని నోట్లో నువ్వుగింజ నానదు. కూతురు ఫినోలాకి మాత్రం పొద్దున చెవిలో వేసింది. మేనత్త గొడ్లపాక వెనక దాక్కుని ఉంటుంది, తుంగ కట్ట ఆమెకి ఇచ్చేయాలి, పాట మాత్రం ఫినోలానే పాడాలి.

అత్తగారు మాత్రం ఇవాళ కుదురుగా కూర్చోవడం లేదు. కిటికీ దగ్గరికి వెళుతుంది, వస్తుంది. మళ్లీ వెళుతుంది.

"ఎవరో వస్తున్నట్టుంది?"

"ఎవరూ లేరు అత్తయ్యా. పక్కవాళ్ల ట్రాక్టరు." 

"సోడా రొట్టెలో ఎండుద్రాక్ష వేయలేదేం?"

"మీరే కదా ఏటా వద్దనేది!"

"ఈ ఏడు తినాలనుంది. తప్పా?"

కలిపిన పిండిలో మళ్లీ ఎండుద్రాక్ష కుక్కింది గ్రాన్యా, పళ్లు నూరుకుంటూ. ఇంతలో ఇంకో పురమాయింపు. మెట్ల మీద మంచు గడ్డకట్టింది, ఉప్పు చల్లాలట. తర్వాత కుక్కని కట్టేయాలట, అరుపులకి తల పగిలిపోతోందట. గ్రాన్యా లోపల్లోపల బ్రిజిడ్ తల్లికి దణ్ణం పెట్టుకుంది. డెర్వలాని చూసి కుక్క అరిస్తే ఎలాగా అని ఆమె పొద్దుటినుంచీ హడలి ఛస్తోంది.

కోలమ్ వచ్చి తల్లిని ఎగాదిగా చూశాడు. "ఏంటమ్మా, కొత్త స్వెట్టరు? పెళ్లికొడుకు గానీ వస్తున్నాడా?"

"పండగ పూట పాతగుడ్డల్లో కూర్చోమంటావా? ముందు నీ గడ్డం సంగతి చూసుకో. మేకలే నయం."

చీకటి పడుతోంది. దుంపలు మెదిపి, పాలు పోసి, మధ్యలో గుంట చేసి వెన్న వేసింది గ్రాన్యా. అప్పుడే హనోరా ఉన్నట్టుండి అంది. "ఈ ఏడు తలుపు తట్టడాలూ అవీ వద్దేమోనే. నావల్ల కాదు. తినేసి పడుకుందాం."

గ్రాన్యా గరిటె పక్కన పెట్టేసింది. తెలిసిపోయింది! ఎవరు చెప్పారు?

"నానమ్మా, నేను తుంగ కోసుకొచ్చేశాను," అంది ఫినోలా ఏడుపు మొహంతో.

హనోరా మనవరాలి తల నిమిరింది. "సరే, కానీ. తొందరగా కానీ," అంటూ కుర్చీ పట్టుకుని మోకాళ్ల మీదికి దిగింది.

ఫినోలా బయటికి పరిగెత్తింది. తలుపు మూసుకుంది.

మొదటి దెబ్బ. "మోకాళ్ల మీద కూర్చోండి, కళ్లు తెరవండి, బ్రిజిడ్‌ని రానివ్వండి!" ఫినోలా గొంతు.

"రా తల్లీ, రా," అంది హనోరా. కోలమ్, గ్రాన్యా అందుకున్నారు.

రెండో దెబ్బ. మళ్లీ ఫినోలా పాట, మళ్లీ లోపలి జవాబు.

మూడో దెబ్బ. ఈసారి చిన్నపిల్ల గొంతు కాదు. వణుకుతున్న పెద్ద గొంతు. పాట సగంలో తెగిపోయింది.

కోలమ్ ఉలిక్కిపడి భార్య వంక చూశాడు. గ్రాన్యా కళ్లు మూసుకుంది. అంతా అయిపోయింది. ఆరేళ్లయినా, అరవై ఏళ్లయినా, కూతురి గొంతు తల్లికి తెలియదా? పొయ్యిలో మంట చిటపటమంటోంది. హనోరా పెదవులు కదలడం లేదు.

"అత్తయ్యా, మీ కాళ్లు పట్టుకుంటాను..."

"రా తల్లీ, రా!" హనోరా అరిచింది. అరుస్తూనే లేచింది. నొప్పి కాళ్లతో గడప దాకా తానే వెళ్లి గడియ తీసింది.

తుంగ కట్ట కింద పడింది. డెర్వలా తల్లిని కావలించుకుంది. ఆ వెనక ఫినోలా గెంతుతోంది. గ్రాన్యా కళ్లు తుడుచుకుంటూ దగ్గరికి వెళ్లింది, తన ఎత్తు పారినందుకు పొంగిపోతూ.

"నువ్వు ఫోన్‌లో నేర్పినట్టే చేశానమ్మా, ఈ ఆలోచన నీదని వదినకి కూడా చెప్పలేదు," అంటోంది డెర్వలా తల్లి చెవిలో.