క్లారినెట్‌కు నాలుగు దెబ్బలు

తన మొగుడు తన నాయనను బ్యాండులోంచి వెళ్ళగొడతాడేమోనన్నదే కృపకు అన్నిటికంటే పెద్ద భయం. పాపకు జ్వరం వచ్చి కళ్ళు తేలేసిన రోజు కూడా ఆమె ఇంతగా వణకలేదు.

“మళ్ళీ ఎందుకు ఆపినావయ్యా అల్లుడా?” క్లారినెట్ నోట్లోంచి తీసి అరిచాడు ఆమె నాయన యేసుదాసు.

“నువ్వు ఆపలేదు గనక ఆపినా. నీకు రాసింది నాలుగు డ్రమ్ము దెబ్బల సేపే మామా. ఐదో దెబ్బకు ధనుంజయ ట్రంపెట్ అందుకోవాల.”

“నాలుగు దెబ్బలు ఊది నోరు మూసుకునేదానికి నేనేమన్నా తిరనాళ్ళలో పీక ఊదే పిల్లోడినా?”

“రాసింది వాయించు.”

“నేను క్లారినెట్ పట్టినప్పటికి నువ్వు పుట్టలా!”

“పుట్టినాకనే నేర్చుకున్నాలే.”

ధనుంజయ కిసుక్కున నవ్వాడు. “జాజ్ అంటే ఇదేనా బావా? పిల్లనిచ్చిన మామ నోరు మూయించేదా?”

రాచర్ల చర్చి వెనక రేకుల షెడ్డులో మిగతా వాళ్ళందరూ గొల్లున నవ్వారు. చంకలో పాపతో, చేతిలో టీ క్యానుతో గుమ్మంలో నిలబడిన కృపకు ఒళ్ళు మండిపోయింది.

హైదరాబాదు హోటళ్ళలో నాలుగేళ్ళు జాజ్ డ్రమ్ములు వాయించినవాడు ఆమె మొగుడు చంటి. డ్రమ్ముల మీదే కాదు, గ్యాస్ సిలిండర్ మీద, పలక ముక్కల మీద, ఇంటి తలుపు మీద కూడా తనకు తోచినట్టు వాయించేవాడు. పక్కన ఇంకొకడుంటే అతనికి చెయ్యి ఆడేది కాదు. అలాంటివాడు ఆర్నెల్ల కిందట ఉన్నట్టుండి పెళ్ళాంబిడ్డలతో ఊరికి వచ్చేసి, ఎనిమిది మంది కలిసి వాయించే మాటల్లేని పాట ఒకటి కట్టాడు. ఎవరికీ స్వరాలు చదవడం రాదు గనుక ఎవరు ఎన్ని దెబ్బల సేపు వాయించాలో కాగితాల మీద అంకెలు వేసి ఇచ్చాడు. ఆదివారం చర్చి వార్షికోత్సవంలో వాయించాలి.

యేసుదాసుది అలా ఆగి ఊదే క్లారినెట్ కాదు. ముప్పై ఏళ్ళు పగలు మార్కాపురం పలకల ఫ్యాక్టరీ దుమ్ములో రాయి కోసి, సాయంత్రం బ్యాండు నడిపినవాడు. ఒక్క ఊపిరికి పల్లవి మొత్తం లాగుతాడని గిద్దలూరు దాకా పేరు. అలాంటి మనిషికి నాలుగు దెబ్బలు, ఎనిమిది దెబ్బల ఖాళీ, మళ్ళీ నాలుగు. కాగితం నిండా ఇదే వరస.

“ఆదివారం నేను ఆపను. ఊరి ముందర నా పాట నేను ఊదుతా, ఎవుడు ఆపుతాడో చూస్తా!” అని యేసుదాసు విసురుగా బయటికి పోయి, కుళాయి పట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు. కోపానికి భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. కృప నీళ్ళు తీసుకుపోతే వెనక్కి తిరక్కుండానే పొమ్మని చెయ్యి ఊపాడు.

ఇంటికి రాగానే ఆమె మొగుడి మీద పడింది.

“బ్యాండు నీ చేతికి రావాలనే కదా ఇదంతా?”

“అనుకో.”

“బ్యాండులో వాయించే చిన్నయ్య మామ చెయ్యి వణుకుతాందని తెలిసిన మర్నాటి నుంచి ఒక్కడన్నా పెండ్లికి పిలిచినాడా ఆయప్పను? ఇంట్లో కూచోబెడితే ఆర్నెల్లకు పాయె. మా నాయనను కూడా అట్లనే చంపుతావా?”

చంటి అన్నంలో పప్పు కలుపుకుంటున్నాడు.

“నోరు పడిపోయిందా? ఆ హైదరాబాదులోనే కొట్టుకోరాదూ! ఇక్కడ నిన్నెవురు పిలిచినారని?”

“పిలిచినోళ్ళు పిలిచినారులే.”

“మా నాయనకు చెప్పు, రేపు నీ ఇష్టమొచ్చినట్టు ఊదు మామా అని చెప్పు.”

“చెప్పను.”

ఆ రాత్రి ఆమె పాపను తీసుకుని వేరే గదిలో పడుకుంది.

ఆదివారం పందిరి కిక్కిరిసింది. యేసుదాసు తెల్లచొక్కా వేసుకుని ముందు వరసలో నిలబడ్డాడు, అల్లుడి ముఖం వైపు చూడలేదు. చంటి డ్రమ్ము పుల్లలు ఎత్తాడు. కృప పాపను గుండెకు హత్తుకుని లోపలే లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

క్లారినెట్ ఆగిపోయింది.

నాయన ఊదలేదు. తెగిన రాగాన్ని ధనుంజయ అందుకున్నాడు, అతని దగ్గర్నుంచి ఇంకొకరు, ఆ వెనక డ్రమ్ములు. ఒకరు పిలిస్తే ఊరంతా పలికినట్టుంది. కృపకు ఒక్క క్షణం ఒళ్ళు జలదరించింది, అందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. పాట అయ్యేదాకా నాయన ఒక్కసారి కూడా గీత దాటలేదు. ఊరి ముందర ఓడిపోయాడు.

“దాసన్న క్లారినెట్ ఏదబ్బా? ముక్కలు ముక్కలు చేసినాడే అల్లుడు!” అని ఎవరో వెనక నుంచి అన్నారు. పాస్టరు చంటికి శాలువా కప్పాడు. యేసుదాసు చప్పట్లు ఆగకముందే పందిరి వెనక్కి పోయి, ట్రాక్టరుకు ఆనుకుని తల వంచుకున్నాడు.

కృప తిన్నగా చంటి దగ్గరికి పోయింది. అందరూ చూస్తున్నారన్న జంకు కూడా లేదు.

“గెలిచినావు కదా? కడుపు నిండిందా? నేను పాపను తీసుకోని మా నాయన ఇంటికి పోతాండా. ఇంక నా గడప తొక్కమాక.”

చంటి శాలువా తీసి డ్రమ్ము మీద పడేశాడు. చుట్టూ ఒకసారి చూసి, ఆమె చెవి దగ్గరికి వంగాడు.

“నాలుగే రాయమన్నది మామే, ఊపిరి అందక. ఊరికి తెలీగూడదనే ఆ కొట్లాటంతా. పోయి చూడు.”