ఆకాశం కనబడే గూడు

వానలు మొహం చాటేసిన ఏడు అడవిలో జొన్నకంకి అన్నదే లేకుండా పోయింది. ఏనుగురాజు దయతలచి కొట్టు తెరిపించాడు. బీద పక్షులకు పక్షానికోసారి గుప్పెడు గింజలు. ఎవరు బీదో తేల్చే పని వడ్రంగిపిట్టది. గూట్లో తలపెట్టి పైకి చూస్తే ఆకాశం కనబడాలి. అదీ నిబంధన.

వాగొడ్డు తుమ్మ మీది గిజిగాడికి ఇద్దరు పిల్లలు. తల్లిని డేగ ఎత్తుకుపోయింది. వడ్రంగిపిట్ట వచ్చి ఆ గూట్లో తలపెట్టింది. పైన చుక్క వెలుతురు లేదు.

"ఇంత దిట్టమైన గూడుంది, నీకేం లోటు?"

"గూడంటే ముక్కుతో అల్లుకున్నానమ్మా! గింజలు అల్లుకోలేను కదా!"

"నన్నేం చెయ్యమంటావు? నిబంధన నేను పెట్టానా?"

పిల్లల డొక్కలు వీపుకంటుకున్నాయి. గిజిగాళ్ల వంశంలో ఎవరూ చెయ్యని పని చేశాడు వాడు. కట్టిన గూటిని తానే పీకి, పైన రేగుపండంత కన్నం పెట్టాడు. గింజలొచ్చాయి. పిల్లలు కడుపునిండా తిన్నారు.

నెల తిరక్కుండానే అడవంతా ఎదురుచూసిన వాన దిగింది. కంకులు రావాలంటే ఇంకా మూడు నెలలు. కన్నంలోంచి నీళ్లు ధారకడితే గిజిగాడు గడ్డిపోచ తెచ్చాడు.

పక్కకొమ్మ మీంచి వడ్రంగిపిట్ట జాలిగానే అంది: "పూడ్చావో, రేపు నీ గింజలు ఆపెయ్యాల్సిందే."

"నాన్నా, చలి! మూసెయ్యవూ?" పిల్లలు వణికిపోతున్నారు.

 గిజిగాడు నోరు తెరిస్తే పోచ జారిపోతుంది. దాన్ని అలాగే పట్టుకుని, కన్నం పక్కనే, వానలో కూర్చుండిపోయాడు.