ఏకాదశి నాడు గారెలా?

పంతులుగారూ, నాకు అక్షరం ముక్క రాదు గనుక నా మనవరాలు అమూల్య మీద ఫిర్యాదు అమూల్య చేతే రాయిస్తున్నాను. తీర్పు మీరే చెప్పాలి.

ఈ పిల్ల కంప్యూటర్లో ఒక ప్రోగ్రాం తయారుచేసింది. మనిషి పోయిన తేదీ కొడితే అది తిథి చూసి, ఏటా తద్దినం ఏ రోజో చెబుతుంది. సరిగ్గా చెబుతోందో లేదో పరీక్ష పెట్టే స్క్రిప్టు కూడా తనే రాసింది. ఆ పరీక్షకు మా ఆయన పేరున తేదీ ఇచ్చింది. మాఘ బహుళ ఏకాదశి అని వచ్చింది.

ఏకాదశికి మా ఇంటిల్లిపాదీ ఉపవాసం. తద్దినం గారెలు ఎవరు తింటారు?

"ఒక్కరోజు అటో ఇటో జరపవే," అన్నాను.

"ఇప్పుడు తేదీ మారిస్తే స్క్రిప్టు ఫెయిలవుద్ది నాయనమ్మా."

"నీకు స్క్రిప్టు ముఖ్యమా, మీ తాతయ్య ముఖ్యమా?"

"ఈ పూటకి స్క్రిప్టే."

ఆ పొగరు చూశారా! నాకు ఒళ్లు మండి, కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్న మా ఆయన్ని కేకేశాను.

"ఏమయ్యో! నీ మనవరాలు పరీక్ష కోసమని నిన్ను చంపేసింది. అదీ ఏకాదశి నాడు!"

ఆయన తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

"ద్వాదశికి మార్చమను," అన్నాడు. "ఏడాదికోసారి వచ్చేవాణ్ణి. గారెలు లేకపోతే నేను రానే రాను."